కడెం వాగు, దాని వరద: తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఆరుద్ర కార్తె దాటి ముసురు పట్టిందంటే మా ఇంట్లో ఫోన్ ఆగదు. హైదరాబాద్‌లో ఉండే చుట్టాలు, జన్నారం దిక్కు పిల్లనిచ్చిన వియ్యంకులు, కుంటాల జలపాతం చూడ్డానికి బయలుదేరిన తెలిసినవాళ్లు, అందరూ అవే ప్రశ్నలు అడుగుతారు. వాటికి జవాబులు ఒకచోట రాసిపెడుతున్నాను. మా ఊరు కడెం ప్రాజెక్టుకు దిగువన ఉంది. అందుకే ఇక్కడి జవాబులు దిగువన ఉండేవాళ్ల కళ్లతో చూసినవే ఎక్కువ.

కడెం ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుంది?

ఆదిలాబాద్ జిల్లా బోథ్ దిక్కున, బజార్‌హత్నూర్ దగ్గరి కొండల్లో పుడుతుంది. దక్కన్ పీఠభూమి అంచున సహ్యాద్రి కొండల తోకలాగా సాగే గుట్టలవి. చిన్న చిన్న ఒర్రెలు కలుస్తూ నేరడిగొండ మండలం చేరేసరికి వాగు బలుస్తుంది. అక్కడే కుంటాల దగ్గర సుమారు 45 మీటర్ల ఎత్తు నుంచి మెట్లు మెట్లుగా దుంకుతుంది. ఆ తర్వాత అడవిలోకి పోతుంది. కవ్వాల పులుల అభయారణ్యానికి నీళ్లిచ్చే వాగుల్లో ఇదే పెద్దది. అడవి దాటి నిర్మల్ జిల్లా కడెం మండలంలో ప్రాజెక్టులో పడుతుంది. అక్కడి నుంచి కొద్ది దూరం పారి, పసుపుల దగ్గర ఉత్తరపు ఒడ్డు నుంచి గోదావరిలో కలుస్తుంది.

మొత్తం దారిలో మైదానం అనదగింది చివర్లో కాస్తే. మిగతాదంతా కొండ, లోయ, బండరాళ్లు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే కింది జవాబుల్లో సగం మీకు ముందే తెలిసినట్టే.

ఇది నదా, వాగా?

పటంలో నది. మా నోట్లో వాగు. ఎండాకాలం చెప్పులు చేతబట్టుకుని దాటిన చోటే జులైలో తాటిచెట్టు మొదలు మునుగుతుంది కాబట్టి వాగు అనడమే సరైందని నాకనిపిస్తుంది.

మా దగ్గర చినుకు పడలేదు. మరి వాగు ఎట్లా వచ్చింది?

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. మా దగ్గర జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఈ ప్రశ్నకు జవాబు తెలియక జరిగేదే.

కడెం మండలంలో పడే వానతో కడెం వాగుకు పెద్ద వరద రాదు. బోథ్, బజార్‌హత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ దిక్కున పడే వానతో వస్తుంది. అక్కడ రాత్రంతా దంచికొడితే ఇక్కడ తెల్లారి ఎండ కాస్తుండగానే వాగు నిండుతుంది. మన నెత్తిమీది మబ్బును చూసి వాగును అంచనా వేయడం పక్కింటి పొయ్యి మీది కుండను మన ఇంట్లోంచి చూసినట్టే.

పైన పడ్డ వాన ఎందుకు అంత తొందరగా కిందికి దిగుతుంది? మొదటిది ఏటవాలు. మైదానంలో నీరు నిలుస్తుంది, చెరువుల్లో ఆగుతుంది, పొలం గట్ల మధ్య ఇంకుతుంది. కొండ మీద అట్లా ఆగే చోటు తక్కువ. రెండోది నేల. ఆ ఎగువ భాగంలో ఎక్కువగా ఉండేది నల్లరేగడి, దాని కింద నల్లరాయి. ఎండాకాలం నెర్రెలు విచ్చిన రేగడి మొదటి వానలను బాగానే తాగుతుంది. నాలుగు రోజుల ముసురుకు ఉబ్బి నెర్రెలు మూసుకున్నాక మాత్రం పడ్డ చుక్క పడ్డట్టే జారిపోతుంది. జూన్‌లో పడ్డ 100 మిల్లీమీటర్లు వాగును తడిపి ఊరుకుంటే, జులై మధ్యలో అదే 100 మిల్లీమీటర్లు వంతెనలను ముంచేది ఇందుకే. మూడోది వాగు ఆకారం. విసనకర్ర ఈనెల్లాగా ఒర్రెలన్నీ దగ్గర దగ్గర సమయాల్లోనే పెద్ద వాగులోకి నీరు తెస్తాయి.

లెక్క కావాలంటే ఇది చూడండి. ఒక చదరపు కిలోమీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే 10 లక్షల లీటర్లు. 200 మిల్లీమీటర్లు పడితే 20 కోట్ల లీటర్లు. అట్లాంటి చదరపు కిలోమీటర్లు కడెం పైన వందలకొద్దీ ఉన్నాయి.

క్యూసెక్కు, టీఎంసీ అంటుంటారు. మాకు అర్థమయ్యేలా చెప్పండి.

క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు, అంటే దాదాపు 28 లీటర్ల నీరు పారడం. పారే వేగానికి ఇది కొలత. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగులు. ఇది నిలవకు కొలత. ఒక లక్ష క్యూసెక్కులు ఒక రోజంతా పారితే 8.64 టీఎంసీలు అవుతుంది.

కడెం ప్రాజెక్టు ఉంది కదా, అది వరదను ఆపదా?

ఆపదు. ఇది చెప్పడం బాధగానే ఉంటుంది. ఆ ప్రాజెక్టు మా పొలాలకు తల్లి లాంటిది. దాదాపు 68 వేల ఎకరాల ఆయకట్టు, కడెం నుంచి జన్నారం, దండేపల్లి, లక్షెట్టిపేట దాకా దాని కాలువ మీదే బతుకుతుంది. దాన్ని కట్టింది సాగు కోసం. పెద్ద వరదను కడుపులో దాచుకునేంత చోటు దానికి లేదు.

పూర్తి నీటిమట్టం 700 అడుగులు. కట్టినప్పటి లెక్కన అప్పుడు నిలవ సుమారు 7.6 టీఎంసీలు. 2022 జులైలో వచ్చిన వరద 5 లక్షల క్యూసెక్కులు దాటింది. ఆ లెక్కన ఖాళీ జలాశయమైనా నాలుగు గంటల పైచిలుకులో నిండిపోతుంది. అప్పటికే సగం నిండి ఉంటే రెండు గంటలు. 5 లక్షల క్యూసెక్కులంటే సెకనుకు దాదాపు 1 కోటీ 40 లక్షల లీటర్లు. 5 వేల లీటర్ల ట్యాంకర్లు సెకనుకు 2,800 చొప్పున వచ్చి పడుతున్నట్టు ఊహించుకోండి. 18 గేట్లూ పూర్తిగా ఎత్తినా కిందికి వదలగలిగేది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. మిగతా నీరు గేట్ల మీది నుంచి దుంకాలి, లేకపోతే కట్ట తెగాలి.

కట్ట ఎప్పుడైనా తెగిందా?

తెగింది. మొదటిసారి 1958 ఆగస్టులో, కట్టడం ఇంకా సాగుతుండగానే. అప్పటికి ఉన్న గేట్లు 9. వరద కట్ట మీదికెక్కి దుంకింది. మట్టికట్ట మీద నీరు దుంకితే అది ఎక్కువసేపు నిలవదు. ఎడమ దిక్కున 137 మీటర్ల వెడల్పున కొట్టుకుపోయింది. ఆ దెబ్బతో మరో 9 గేట్లు కలిపి 18 చేశారు. 1995లో మళ్లీ గండి పడింది.

మా బాపు తరం వాళ్లు ఊళ్లో ఏ సంగతినైనా "మొదటి కట్ట తెగిన ఏడు" అని లెక్కగట్టేవాళ్లు. పుట్టిన తేదీ తెలియని పెద్దవాళ్ల వయసు మా ఇళ్లలో అట్లానే తేలుతుంది.

2022 జులైలో ఏం జరిగింది?

అప్పటికే వారం రోజుల ముసురు. 12వ తేదీ నుంచి ఎగువన వాన ఆగలేదు. 13న వరద గేట్ల స్థాయిని మించింది. 18 గేట్లలో ఒకటి మొరాయించి లేవలేదు. మిగతా 17 ఎత్తినా నీరు గేట్ల మీది నుంచి దుంకింది. అడవి నుంచి కొట్టుకొచ్చిన మొద్దులు, కొమ్మలు వచ్చి గేట్లకు అడ్డం పడ్డాయి. దిగువ ఊళ్లను ఖాళీ చేయించారు. ఎడమ కాలువ దగ్గర గండి పడి కొంత నీరు పక్కదారి పట్టింది. కట్ట మీద భారం కాస్త తగ్గడానికి అదీ ఒక కారణం. కట్ట నిలిచింది.

మేమూ ఊరు విడిచాం. చీకట్లో, చేతిలో ఒక సంచి, చంకలో మనవరాలు. వాన చప్పుడు కన్నా ప్రాజెక్టు దిక్కు నుంచి వచ్చే హోరు పెద్దగా వినబడింది. మా అవ్వ ట్రాక్టర్ ఎక్కుతూ గొళ్లెం వేసిన తలుపును మూడుసార్లు తిరిగి చూసింది. తిరిగి వచ్చేసరికి ఇల్లు ఉంది, పత్తి చేను లేదు. ఇల్లు మిగిలినందుకు నేనేడవలేదు గానీ ఎదురింటి వాళ్లకు అదీ మిగలలేదు.

2023లోనూ అట్లాగే అయిందట కదా?

అయింది. జులై 27న సుమారు 3.8 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. వరద 2022 కన్నా తక్కువే. కానీ నాలుగు గేట్లు లేవలేదు. దాంతో మళ్లీ నీరు గేట్ల మీదుగానే పోయింది. రెండేళ్లు వరసగా అదే భయం. మొదటి ఏడు ప్రకృతిని అన్నాం. రెండో ఏడు ప్రకృతి ఒక్కదాన్నే అనడం న్యాయం కాదు. వాన ఎంత పడాలో మన చేతిలో లేదు. గేటు లేవాలా వద్దా అన్నది మాత్రం ఎండాకాలంలో చేసే మరమ్మతు చేతిలో ఉంటుంది. మార్చి, ఏప్రిల్, మే నెలల్లో గేట్లు, గొలుసులు, మోటార్లు, జనరేటర్ చూసుకోవాలి. మా ఊరివాళ్లు అడగాల్సింది కూడా ఆ నెలల్లోనే. జులైలో అడిగితే ఎవరూ ఏమీ చేయలేరు.

గేట్లు ముందే ఎత్తి జలాశయం ఖాళీగా పెట్టుకుంటే పోదా?

కొంత మేలు తప్పకుండా ఉంటుంది. ఇందులో రెండు దిక్కులా ఉన్నది రైతే. జులైలో నీరు వదిలేశాక ఆగస్టులో వాన మొహం చాటేస్తే నాటేసిన వరి ఎండుతుంది. అందుకని నిండుగా ఉంచాలని ఆయకట్టు రైతు కోరుకుంటాడు, తగ్గించి ఉంచాలని దిగువ ఊరివాడు కోరుకుంటాడు. చాలాసార్లు ఈ ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటారు.

శ్రీరామసాగర్ నుంచి సరస్వతి కాలువ వచ్చి కడెంలో కలుస్తుంది. కొరత పడితే కొంత నీరు అటు నుంచి తెచ్చుకునే దారి ఉంది కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో మట్టాన్ని 700కు తగినంత కిందే ఉంచాలన్నది నా అభిప్రాయం. దానివల్ల 5 లక్షల వరద ఆగదు. కానీ ఊరు ఖాళీ చేయడానికి ఒకటి రెండు గంటలు ఎక్కువ దొరుకుతాయి. ఆ రాత్రి చూసినవాళ్లకు రెండు గంటల విలువ చెప్పనక్కర్లేదు.

కుప్టి దగ్గర ఇంకో ప్రాజెక్టు కడితే?

నేరడిగొండ మండలం కుప్టి దగ్గర కడెం మీదే ఒక జలాశయం కట్టాలన్న ప్రతిపాదన చాలాకాలంగా ఉంది. వస్తే ఎగువన కొంత నీరు ఆగుతుంది. ముంపుకు గురయ్యే ఊళ్ల సంగతి, కుంటాలకు వచ్చే నీటి సంగతి కూడా దాంతో ముడిపడి ఉన్నాయి.

కడెం వరదకూ గోదావరి వరదకూ తేడా ఏంటి?

2022నే తీసుకోండి. కడెం దగ్గర ఉధృతి జులై 13న. భద్రాచలంలో గోదావరి 71.3 అడుగులకు చేరింది జులై 16న. గోదావరి పెద్ద నది, దాని వరద నడిచి వస్తుంది. ఎగువన శ్రీరామసాగర్, ఎల్లంపల్లి, ప్రాణహిత కలిసే చోటు, ఇట్లా ఒక్కో చోట చూసుకుంటూ రెండు మూడు రోజుల ముందే భద్రాచలానికి చెప్పవచ్చు. అక్కడ 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని మెట్లు కూడా ఉన్నాయి. కడెంకు అంత ఓపిక లేదు. దానిది గంటల లెక్క.

రెండూ ఒకేసారి నిండితే ఇంకో చిక్కు. గోదావరి నిండుగా ఉన్నప్పుడు కడెం నీరు అందులోకి దిగలేక వెనక్కు తంతుంది. సంగమం దగ్గరి లోతట్టు పొలాల్లో నీరు రోజుల తరబడి నిలిచేది అప్పుడే.

ఏ రోజుల్లో జాగ్రత్తగా ఉండాలి?

పునర్వసు, పుష్యమి కార్తెలు. 2022 వరద పునర్వసులో వచ్చింది, 2023 వరద పుష్యమిలో. బంగాళాఖాతంలో అల్పపీడనం లేచి ఒడిశా, ఛత్తీస్‌గఢ్ మీదుగా పడమటికి కదిలే రోజులు మా దిక్కుకు గండం. ఆగస్టు కూడా తీసిపారేయడానికి లేదు. 1958ది ఆగస్టే.

ముందస్తు కబురు ఎక్కడ దొరుకుతుంది?

వాతావరణ శాఖ జిల్లాల వారీగా రంగుల హెచ్చరిక ఇస్తుంది. 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ, 204.4 దాటితే అత్యంత భారీ అని వాళ్ల లెక్క. మీరు ఉండేది నిర్మల్ జిల్లా అయినా చూడాల్సింది ఆదిలాబాద్ జిల్లా హెచ్చరిక. చాలామంది ఇక్కడే పొరబడతారు.

రాష్ట్ర ప్రణాళిక సొసైటీ మండలాల్లో పెట్టిన ఆటోమేటిక్ వాన కొలమానాల లెక్కలు ఆన్‌లైన్‌లో ఎవరైనా చూడవచ్చు. బోథ్, బజార్‌హత్నూర్, ఇచ్చోడ, నేరడిగొండ, ఈ నాలుగు పేర్లు రాసిపెట్టుకోండి. అంతకన్నా నమ్మకమైనది ఇంకొకటి ఉంది. నేరడిగొండ దిక్కున మీకు ఒక చుట్టమో దోస్తో ఉంటే రాత్రి పడుకునే ముందు ఒక్క ఫోన్ చేయండి. మా ఇంట్లో మా మేనత్త కొడుకే మాకు వాతావరణ శాఖ. వాళ్ల ఊరి ఒర్రె రోడ్డెక్కితే ఆయన మమ్మల్ని నిద్ర లేపుతాడు.

వాగును చూసి కూడా తెలుసుకోవచ్చు. ఉన్నట్టుండి నీరు బురదరంగుకు తిరిగి, ఆకులు, చెత్త, నురుగు తేలి వస్తుంటే వెనకాల పెద్ద నీరు ఉన్నట్టే. అప్పుడు ఒడ్డున నిలబడి చూడొద్దు.

వంతెన మీద మోకాలి లోపే పారుతోంది. బండి పోనివ్వవచ్చా?

వద్దు. పారే నీరు జానెడు లోతు కూడా లేకున్నా మనిషి కాళ్లు తప్పించగలదు. అడుగు లోతుకు చిన్న కారు తేలుతుంది. రెండడుగులకు చాలా వాహనాలు కొట్టుకుపోతాయి. పైగా ఆ ఎర్రనీటి కింద రోడ్డు ఉందో, కోసుకుపోయిందో కనబడదు. లోలెవెల్ వంతెన దగ్గర ఒకరు దాటారని వెనక నలుగురు దాటడం మా దగ్గర ప్రతి ఏడూ జరుగుతుంది. మొదటివాడు దాటిన నీరూ మీరు దిగబోయే నీరూ ఒకటి కావు. ఆ మధ్యలో వాగు పెరిగి ఉంటుంది.

కొట్టుకొచ్చే మొద్దులు, చేపలు పట్టుకోవచ్చా?

వరదలో టేకు మొద్దు కనబడితే ఆశ పుడుతుంది, నాకు తెలుసు. గేట్లు ఎత్తి ఉన్నా, దించి ఉన్నా వాగులో మాత్రం దిగొద్దు. సైరన్ వినబడ్డాక ఒడ్డెక్కడానికి సమయం చాలదు. గేట్లు మూశాక గుంటల్లో మిగిలే చేపల కోసం దిగినవాళ్లు, మళ్లీ గేట్లు ఎత్తడంతో బండల మీద చిక్కుకుపోతారు.

కుంటాల చూడాలంటే వానాకాలమే బాగుంటుందంటారు?

బాగుంటుంది, దూరం నుంచి. వరద రోజుల్లో కిందికి పోనివ్వరు, పోనివ్వకపోవడమే మంచిది. నీటి కింద లోతైన గుండాలు, పాచిపట్టిన బండలు ఉన్నాయి. ఈత వచ్చినవాళ్లే అందులో ఎక్కువగా పోయారు. సెప్టెంబరు చివర నుంచి నవంబరు దాకా రండి. నీరు తేటగా, ధార నిండుగా ఉంటుంది. దగ్గరలో పొచ్చెర జలపాతం కూడా చూసిపోవచ్చు.

ములుగు, భూపాలపల్లి వాగులూ ఇట్లాంటివేనా?

అదే తీరు, ఇంకా చిన్నవి, కాబట్టి ఇంకా తొందరగా వస్తాయి. 2023 జులై 27 ఉదయానికి ముగిసిన 24 గంటల్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్లు పడింది. అంతకుముందు రాష్ట్రంలో ఉన్న రికార్డు 2013లో వాజేడులో పడ్డ 517.5. ఆ ఒక్క రాత్రికి మోరంచవాగు మోరంచపల్లిని ముంచింది. జనం ఇళ్ల కప్పులెక్కి తెల్లారబెట్టారు, హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది. మేడారం దగ్గర కోటిమంది స్నానం చేసే జంపన్న వాగు, ఏటూరునాగారం దిక్కు కొండాయిలో ప్రాణాలు తీసింది. ఆ వాగుల మీద ఆపే ప్రాజెక్టూ లేదు, మోగే సైరనూ లేదు. మాకు కనీసం సైరనైనా ఉంది.

ఊరు ఖాళీ చేయమంటే ముందుగా ఏం చేయాలి?

పశువుల తలుగులు విప్పాలి. తీసుకుపోయే వీలు లేకపోతే విడిచిపెట్టండి, గట్టు దిక్కు అవే పోతాయి. కట్టేసి ఉంచితే చావే. ఆధార్, పట్టా పాసుపుస్తకం, బ్యాంకు పుస్తకం, మందులు ఒక ప్లాస్టిక్ సంచిలో జూన్ నుంచే సిద్ధంగా ఉంచండి. మెయిన్ స్విచ్ ఆపండి. నడవలేని పెద్దవాళ్లను మొదటి బండిలో పంపండి. వాళ్లు చివరి బండి కోసం ఆగుతామని మొండికేస్తారు, వినొద్దు. చిక్కుకుపోతే 112కు ఫోన్ చేయండి.

నీరు తీశాక పొలం సంగతి?

ముందు ఫొటోలు తీయండి, తర్వాతే చేను సర్దండి. నష్టం రాసుకోవడానికి వ్యవసాయ విస్తరణ అధికారి వచ్చేసరికి దున్నేసి ఉంటే చూపించడానికి ఏమీ ఉండదు. పత్తి, సోయా వేళ్ల దగ్గర రెండు రోజులకు మించి నీరు నిలిస్తే ఊపిరాడక వడలిపోతాయి, కాబట్టి మొదటి పని కాలువ తీసి నీరు పంపడం. ఒండ్రు పడితే మరుసటి పంటకు మేలు. ఇసుక మేట పడితే అది వేరే కథ. జానెడు లోపు అయితే లోతుగా దున్ని, చెరువు మట్టి తోలి కలుపుకోవచ్చు. మోకాలెత్తు అయితే ఎత్తిపోయించక తప్పదు, ఆ ఖర్చు చిన్న రైతు మోయలేడు. మా వాగు పొంటి నాలుగెకరాల్లో 2022 ఇసుక ఇంకా ఒక మూలన కుప్పగా ఉంది. ఆ మూలలో మేం ఇప్పుడు పుచ్చకాయలు వేస్తున్నాం.